పే స్లిప్పులో సిండా: ఆ డాలర్లు ఎక్కడికి వెళ్తాయి, మన శనివారాలు ఎక్కడికి వెళ్ళాలి

(కమ్యూనిటీ రేడియోలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వారమంతా ఆఫీసులతోనూ ఎమ్మార్టీ ప్రయాణాలతోనూ అలిసిపోయి ఈ పూట రేడియో దగ్గర కూర్చున్నారు కాబట్టి మిమ్మల్ని మరీ ఎక్కువ కష్టపెట్టను. నేను వృత్తిరీత్యా ఐటీ కన్సల్టెంటుని. చాలా ఏళ్ళుగా సింగపూర్లో ఉంటూ, వీలు చిక్కిన శనివారాల్లో చదువులో వెనకబడ్డ పిల్లలకి పాఠాలు చెప్పే వాలంటీరుగా పనిచేస్తున్నాను. ఈ రోజు ఆ పని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తే, మనలో చాలామంది దగ్గర ఉండే ఒక కాగితం గుర్తొచ్చింది. అదేనండీ, పే స్లిప్పు.

మీ పే స్లిప్పు ఒకసారి తీసి చూడండి. బేసిక్ జీతం, అలవెన్సులు, సీపీఎఫ్ అయ్యాక ఒక చిన్న కోత కనబడుతుంది. దాని పక్కన 'సిండా' అని రాసి ఉంటుంది. మొత్తం చిన్నది కావడంతో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నెలకి 1,000 డాలర్ల లోపు జీతమైతే 1 డాలరు. 2,500 నుంచి 4,500 మధ్య అయితే 7 డాలర్లు. 7,500 నుంచి 10,000 మధ్య 12. 10,000 దాటి 15,000 దాకా 18. ఆ పైన ఎంత ఉన్నా 30. ఇవి 2015లో సవరించిన రేట్లు. యజమాని మన జీతంలోంచి మినహాయించి సీపీఎఫ్ బోర్డు ద్వారా ఆ నిధికి పంపిస్తాడు.

సిండా అంటే సింగపూర్ ఇండియన్ డెవలప్‌మెంట్ అసోసియేషన్. ఈ చందా పౌరులకీ, పర్మనెంట్ రెసిడెంట్లకీ మాత్రమే అనుకుంటారు చాలామంది. కాదండీ, ఎంప్లాయ్‌మెంట్ పాస్ మీద ఉన్నవాళ్ళకీ వర్తిస్తుంది. ఎవరెవరు దీని కిందికి వస్తారో చెప్పే జాబితాలో తమిళులు, మలయాళీలు, పంజాబీలు, సింధీలు, గుజరాతీలతో పాటు తెలుగువాళ్ళ పేరు కూడా విడిగా ఉంది. ఇష్టం లేకపోతే ఫారం ఇచ్చి మానుకోవచ్చు. ఇష్టమైతే ఎక్కువా ఇవ్వచ్చు. మనవాళ్ళలో ఎక్కువమంది మానుకోరు, అలాగని అదేమిటో కనుక్కోనూ కనుక్కోరు.

ఒకసారి భోజనాల దగ్గర ఒక మిత్రుడు అన్నాడు: "నెలనెలా పద్దెనిమిది డాలర్లు పోతున్నాయి. మనకేం ఒరిగింది? అదంతా తమిళుల సంస్థ కదా!" ఈ మాట మీరూ వినే ఉంటారు. జవాబు చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సింగపూర్లో స్వయంసహాయ సంస్థలు నాలుగున్నాయి. మలయ్, ముస్లిం పిల్లల చదువు కోసం 1982లో మెండాకి వచ్చింది. భారతీయుల కోసం 1991లో సిండా, చైనీయుల కోసం 1992లో సీడాక్ వచ్చాయి. యురేషియన్ అసోసియేషన్ 1919 నుంచీ ఉన్నదే. భారతీయ ముస్లింల చందా మాత్రం మెండాకి నిధికే వెళ్తుంది.

1980లలో ఇక్కడి భారతీయ సంతతి పిల్లలు ప్రైమరీ చివర్లోనూ, సెకండరీ చివర్లోనూ రాసే పరీక్షల్లో, ముఖ్యంగా లెక్కల్లో, బాగా వెనకబడుతున్నారని గమనించారు. ఎందుకిలా జరుగుతోందో తేల్చడానికి ఒక కార్యాచరణ సంఘం వేశారు. అది ఇచ్చిన సలహాల ఫలితమే సిండా. ఈ రోజు మనకి 'సింగపూర్ ఇండియన్' అంటే చాంగీ బిజినెస్ పార్కులో బ్యాడ్జీ వేసుకుని తిరిగే ఇంజనీరు గుర్తొస్తాడు. అప్పటి చిత్రం వేరు. రేవుల్లో, మునిసిపల్ పనుల్లో, సైనిక స్థావరాల్లో, మలయా రబ్బరు తోటల్లో పనిచేయడానికి వచ్చిన కుటుంబాల మూడో తరం పిల్లలు వాళ్ళు. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. మనం ఇక్కడికి ప్రోగ్రామర్లుగా దిగడానికి చాలా ముందే, 1975లోనే, సింగపూర్ తెలుగు సమాజం ఏర్పడిందంటే ఆ పాత తరం ఇక్కడ ఉండబట్టేగా!

అంటే, మన మిత్రుడి ప్రశ్నకి జవాబు ఇది: మనం వచ్చేసరికే ఇక్కడ ఒక సమాజం ఉంది. మనకి దొరికిన గుళ్ళు, కరివేపాకు దొరికే కొట్లు, దీపావళి సెలవు, ఇవన్నీ వాళ్ళు నిలబెట్టినవే. ఆ ఇళ్ళలో చదువు అందని పిల్లల కోసం నెలకి పద్దెనిమిది డాలర్లు ఇస్తున్నాం. ఏడాదికి 216. నలుగురం కలిసి ఒక పూట బయట భోంచేస్తే అయ్యే ఖర్చుకి కాస్త ఎక్కువ, అంతే.

అయితే జాతుల వారీగా ఇలా సంస్థలు పెట్టడం సరైనదేనా అన్న ప్రశ్న సింగపూర్లో మొదటి నుంచీ ఉంది. పేదరికానికి జాతేమిటి, జనాభా ఎక్కువున్న సమాజానికి నిధి ఎక్కువ పోగవుతుంది కదా అని అడిగేవాళ్ళున్నారు. అది న్యాయమైన ప్రశ్నే. మన వాళ్ళ ఇంటి సంగతి మనవాళ్ళు అడిగితేనే ఒప్పుకుంటారు, గడప దాటి లోపలికి రానిస్తారు అన్నది రెండో పక్షం వాదన. పిల్లల ఇళ్ళకి వెళ్ళి వచ్చిన అనుభవంతో రెండిట్లోనూ నిజం ఉందనే చెప్తాను. ఇప్పుడు నాలుగు సంస్థలూ కలిసి అన్ని జాతుల పిల్లలకీ ట్యూషన్లు, బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే స్టూడెంట్ కేర్ కేంద్రాలు నడుపుతున్నాయి.

ఇక అసలు ప్రశ్నకి వద్దాం. సింగపూర్ బడులకి ప్రపంచమంతా పేరుంది. అలాంటి చోట ఉచితంగా పాఠాలు చెప్పే వాలంటీర్లతో పనేముంది?

2003 నుంచి ఇక్కడ నిర్బంధ విద్యా చట్టం అమల్లో ఉంది. పౌరులైన పిల్లలందరూ ఆరేళ్ళ ప్రైమరీ చదువు చదవాల్సిందే. తక్కువ ఆదాయం ఉన్న పౌరుల పిల్లలకి ఫీజులు, పుస్తకాలు, యూనిఫారం, భోజనం వగైరాలకి విద్యాశాఖ సాయం చేస్తుంది. కాబట్టి మన ఊళ్ళలోలాగా పిల్లాడు బడికి పోకుండా గొడ్లు కాసే సమస్య కాదిది. పిల్లాడు బడిలోనే ఉంటాడు, పాఠం మాత్రం వాడికి అందదు.

ఎందుకంటే ఇక్కడ బడి పక్కనే ఇంకో బడి నడుస్తోంది. దాని పేరు ట్యూషన్. 2023లో సింగపూర్ కుటుంబాలు ట్యూషన్ల మీద ఏడాదికి సుమారు 180 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టాయని గృహ వ్యయ సర్వేలో తేలింది. ఉన్న ఇంటివాళ్ళు పెట్టేది లేని ఇంటివాళ్ళు పెట్టేదానికి ఎన్నో రెట్లు. క్లాసులో సగంమంది ఆ పాఠం ట్యూషన్లో ముందే విని వచ్చారనుకోండి, పంతులుగారు తెలియకుండానే వేగం పెంచేస్తారు. వినని పిల్లాడు అక్కడే ఆగిపోతాడు.

ఇంకో సంగతి. ఒకటో తరగతిలో చేరేసరికే పిల్లలకి ఇంగ్లీషు చదవడం కొంత వచ్చి ఉంటుందన్న అంచనా ఇక్కడ బలంగా ఉంది. ఒకటి, రెండు గదుల అద్దె ఫ్లాట్లలో ఉండే ఇళ్ళలో తల్లి రాత్రి షిఫ్టు క్లీనింగుకి, తండ్రి డెలివరీకి వెళ్తే, కథల పుస్తకం పట్టుకుని పక్కన కూర్చునేదెవరు? సామాజిక శాస్త్రవేత్త టియో యూ యెన్ 2018లో అసమానత మీద రాసిన పుస్తకం ఇక్కడ పెద్ద చర్చ లేపింది. ఆరేళ్ళకే 'స్లో' అని పేరుపడ్డ పిల్లాడు మందబుద్ధి కాకపోవచ్చు, మిగతావాళ్ళు ముందే పరుగు మొదలుపెట్టి ఉండచ్చు అన్నది నాకు ఆ చర్చలో బాగా పట్టుకున్న విషయం.

పన్నెండేళ్ళకి పీఎస్ఎల్ఈ అనే పరీక్ష వస్తుంది. 2021 నుంచి దాని మార్కుల పద్ధతి మార్చారు. పక్క పిల్లాడితో పోల్చి లెక్కగట్టే పాత టీ-స్కోరు తీసేసి, అచీవ్‌మెంట్ లెవెల్స్ తెచ్చారు. 2024లో సెకండరీలో చేరిన పిల్లల నుంచి ఎక్స్‌ప్రెస్, నార్మల్ అనే పాత విభజన కూడా పోయింది. ఏ సబ్జెక్టు ఏ స్థాయిలో చదవగలరో ఆ స్థాయిలో చదువుకోవచ్చు. ఇవి మంచి మార్పులే. కానీ మూడో తరగతిలో చదవడం రాని పిల్లాడికి ఎన్ని దారులు తెరిచినా దారి మీది బోర్డు చదవగలగాలి కదా!

వాలంటీరు అవసరం ఇక్కడే ఉంది. చేసే పనులు రకరకాలుగా ఉంటాయి. సిండాకి చిన్న బృందాలుగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పే 'స్టెప్' అనే ట్యూషన్ పథకం పేరుపొందింది. చిన్నపిల్లలకి ఇంటికే వెళ్ళి చదవడం నేర్పే 'ప్రాజెక్ట్ రీడ్' కూడా వాళ్ళదే. నేషనల్ లైబ్రరీ బోర్డు 2004లో మొదలుపెట్టిన 'కిడ్స్‌రీడ్' లో వాలంటీర్లు నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలకి కథలు చదివి వినిపిస్తారు. జలాన్ కుకో ప్రాంతంలోని అద్దె ఫ్లాట్ల పిల్లల కోసం 2014లో కొంతమంది మిత్రులు మొదలుపెట్టిన 'రీడేబుల్' వారం వారం చదువు నేర్పే సంస్థగా ఎదిగింది. అందులో జాతి ప్రసక్తి లేదు.

మన ఐటీ వాళ్ళకి చేతినిండా పని దొరికిన సందర్భం కూడా ఒకటుంది. 2020 ఏప్రిల్లో కోవిడ్ వల్ల సర్క్యూట్ బ్రేకర్ పెట్టి బడులు ఇళ్ళకి మార్చారు. ముగ్గురు పిల్లలకి ఒకే ఫోను ఉన్న ఇళ్ళు బయటపడ్డాయి. 'ఇంజనీరింగ్ గుడ్' అనే సంస్థ పాత ల్యాప్‌టాప్‌లు పోగుచేసి, వాలంటీర్ల చేత బాగుచేయించి వేల సంఖ్యలో పంచింది. ఆ తర్వాత ప్రభుత్వం సెకండరీ పిల్లలందరికీ తలా ఒక కంప్యూటరు ఉండాలన్న లక్ష్యాన్ని 2028 నుంచి 2021కి ముందుకు జరిపింది. మెషీను అందితే సగం పనే అయిందండీ. పాస్‌వర్డు మర్చిపోతే ఎవర్ని అడగాలి, ఫైలు ఎక్కడ సేవ్ అయింది, జూమ్‌లో గొంతెందుకు రావట్లేదు, ఈ ప్రశ్నలకి ఇంట్లో జవాబు చెప్పేవాళ్ళు లేకపోతే ల్యాప్‌టాప్ సినిమాలు చూసుకునే డబ్బా అయిపోతుంది.

సరే, క్లాసులో కూర్చున్నాక ఏం జరుగుతుందో చెప్తాను. బీటెక్, ఎమ్‌టెక్ చదివిన మనకి ఐదో తరగతి లెక్కలు ఒక లెక్కా అనుకుని వెళ్తాం. అక్కడ ఇలాంటి లెక్క ఇస్తారు: 'అలీ, మణి దగ్గర కలిపి 84 స్టిక్కర్లున్నాయి. మణి దగ్గర ఉన్నవాటికి అలీ దగ్గర మూడు రెట్లున్నాయి. మణి దగ్గర ఎన్ని?' మన చెయ్యి వెంటనే 'ఎక్స్ అనుకుందాం' అని మొదలుపెడుతుంది. పిల్లాడు బిక్కమొహం వేస్తాడు. వాడికింకా బీజగణితం చెప్పలేదు. ఇక్కడ 1980లలో విద్యాశాఖ రూపొందించిన బార్ మోడల్ పద్ధతిలో నేర్పుతారు. మణికి ఒక డబ్బా గియ్యాలి. అలీకి అదే కొలతలో మూడు డబ్బాలు. మొత్తం నాలుగు డబ్బాలు, 84. ఒక డబ్బాకి 21. అయిపోయింది. ఎక్స్ లేదు, సమీకరణం లేదు, బొమ్మ చూస్తే జవాబు తెలిసిపోతుంది. నా సలహా ఒకటే. పాఠం చెప్పే ముందు వాళ్ళ పాఠ్యపుస్తకం ఒకటి కొని రెండు వారాలు మనం చదువుకోవాలి. మనకి వచ్చిన పద్ధతిలో చెప్తే రేపు బడిలో వాడికి ఇంకో గందరగోళం తయారవుతుంది.

ఇంగ్లీషు సంగతీ అంతే. మనం అక్షరాల పేర్లతో స్పెల్లింగు బట్టీపట్టి నేర్చుకున్నవాళ్ళం. ఇక్కడ శబ్దాలతో మొదలుపెట్టి కూడబలుక్కోవడం నేర్పుతారు. మన ఉచ్చారణకీ వాళ్ళ ఉచ్చారణకీ తేడా ఉంటుంది. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. 'సరే, నువ్వే చెప్పు నాకు ఎలా పలకాలో' అంటే ఆ రోజుకి వాడు మాస్టారు, మనం శిష్యులం. నోరు విప్పని పిల్లల చేత మాట్లాడించడానికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు దొరకలేదు.

మాతృభాష దగ్గర మన పిల్లలకి ప్రత్యేకమైన చిక్కుంది. బడిలో తమిళం అధికార భాషగా ఉంది. 1990 ప్రాంతం నుంచి హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా తీసుకునే వీలు కల్పించారు. ఆ జాబితాలో తెలుగు లేదు. దాంతో తెలుగు ఇళ్ళ పిల్లలు హిందీయో తమిళమో రెండో భాషగా చదువుతారు, ఆ భాష ఇంట్లో ఎవరికీ సరిగ్గా రాదు. ఇంట్లో ఒకటి, బడిలో రెండు, మొత్తం మూడు భాషల మధ్య నలిగే పిల్లాడి కష్టం మనకి తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుస్తుంది? తమిళమో మలయ్యో మాట్లాడే ఇంటి నుంచి వచ్చి ఇంగ్లీషులో తడబడే పిల్లాడి పక్కన కూర్చోవడానికి ఇది మనకున్న అర్హతే.

ఇప్పుడు నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదల్చుకున్న విషయం. వాలంటీరు పనిలో పెద్ద ప్రమాదం పాఠం సరిగ్గా చెప్పలేకపోవడం కాదు, మధ్యలో మాయమైపోవడం.

ఒకసారి కొత్తగా నా దగ్గరికి పంపిన తొమ్మిదేళ్ళ పాప మూడు వారాల దాకా పుస్తకం తెరవలేదు. నాలుగో వారం అడిగింది: "అంకుల్, మీరు ఎన్ని వారాలు వస్తారు?" ఆరా తీస్తే ఏడాదిలో ఆ పాపకి నేను నాలుగో మనిషిని. ఒకరికి ప్రాజెక్టు గో-లైవ్ వచ్చింది, ఒకరికి బదిలీ అయింది, ఒకరు చెప్పకుండానే మానేశారు. ఎవరూ చెడ్డవాళ్ళు కారు. కానీ ఇంట్లోనే మనుషులు వచ్చిపోతూ ఉండే పిల్లలకి, ఇంకో పెద్దమనిషి వచ్చి పోవడమంటే ఏమిటో ఆలోచించండి. మూడు వారాలు పుస్తకం తెరవకపోవడం మొండితనం కాదు. ఈయన ఉంటాడా పోతాడా అని చూస్తోంది.

ఇది నా మనసుకి తోచిన మాట మాత్రమే కాదు. ముంబైలో 1990లలో మొదలైన ప్రథమ్ సంస్థ 'బాలసఖి' అనే కార్యక్రమం నడిపింది. బడిలో వెనకబడ్డ పిల్లల్ని రోజూ రెండు గంటలు పక్కకి తీసుకెళ్ళి, ఆ బస్తీకే చెందిన, పెద్ద డిగ్రీలు లేని అమ్మాయి చేత అక్షరాలు, కూడికలు నేర్పించేవారు. ముంబై, వడోదర బడుల్లో దీని మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, వాళ్ళ సహచరులు చేసిన పరిశోధన 2007లో అచ్చయింది. బెనర్జీ, డుఫ్లోలకి 2019లో నోబెల్ వచ్చిన సంగతి మీకు తెలుసు. పిల్లలు స్పష్టంగా మెరుగుపడ్డారు. వడోదరలో కంప్యూటరు మీద లెక్కల ఆటలు ఆడించినచోట లెక్కల్లో మార్పు ఇంకా ఎక్కువ కనబడింది. ఇక్కడిదాకా సంతోషం. కార్యక్రమం ఆగిపోయిన ఏడాది తర్వాత మళ్ళీ చూస్తే ఆ లాభంలో ఎక్కువ భాగం కరిగిపోయింది. కొంత మిగిలింది, కొంతే.

దీని నుంచి నేను రెండు పాఠాలు తీసుకున్నాను. ఒకటి, పిల్లాడు ఏ తరగతిలో ఉన్నాడో కాదు, ఏ మెట్టు మీద ఉన్నాడో చూసి అక్కడ మొదలుపెట్టాలి. ఐదో తరగతి పిల్లాడికి రెండో తరగతి తీసివేతలు రాకపోతే సిగ్గుపడకుండా అక్కణ్ణుంచే చెప్పాలి. రెండు, ఆపేస్తే ఆరిపోతుంది. అందుకే మూడు నెలలు ఉత్సాహంగా పది గంటలు ఇచ్చేవాడికన్నా, మూడేళ్ళపాటు వారానికి గంటన్నర ఇచ్చేవాడు ఎక్కువ మేలు చేస్తాడు.

మన వృత్తిలో బదిలీలు తప్పవు, పాసు రెన్యూ అవుతుందో లేదో చెప్పలేం. దానికి మందు కూడా మన వృత్తిలోనే ఉంది. ప్రొడక్షన్ సపోర్టు అప్పగించేటప్పుడు హ్యాండోవర్ చేస్తాం కదా, అదే ఇక్కడా చెయ్యాలి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని ప్రతివారం రెండు వాక్యాలు రాయాలి: ఈ రోజు ఏం చెప్పాం, ఎక్కడ తట్టుకుంది. ఇద్దరు వాలంటీర్లు జతగా ఒక పిల్లల గుంపుని చూసుకుంటే, ఒకరు ఊరెళ్ళినా రెండోవారు ఉంటారు. వెళ్ళిపోవాల్సి వస్తే నెల ముందే పిల్లాడికి చెప్పి, కొత్తవాళ్ళని వెంటబెట్టుకొచ్చి పరిచయం చెయ్యాలి. చెప్పి వెళ్ళే పెద్దవాళ్ళు కూడా ఉంటారని ఆ పిల్లాడికి తెలియడం కూడా చదువే.

పాటించాల్సిన పద్ధతులు మరికొన్ని ఉన్నాయి. పిల్లాడితో తలుపేసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. సంస్థ వాళ్ళు మన వివరాలు తనిఖీ చేస్తామంటే నొచ్చుకోకూడదు, అది పిల్లల క్షేమం కోసం. పిల్లల ఫోటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. మనకది సేవకి గుర్తు, వాడికది పేదరికానికి ముద్ర. ఖరీదైన బహుమతులు కొనిస్తే తల్లిదండ్రులు చిన్నబుచ్చుకుంటారు. 'మా అబ్బాయి నీ వయసులో' అన్న మాట నోట్లోంచి రాకూడదు.

అలాగే పెద్ద పిల్లలకి సలహా చెప్పేటప్పుడు మన మధ్యతరగతి కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాలి. మనకి జూనియర్ కాలేజీ, యూనివర్సిటీ తప్ప మిగతాది చదువులాగే కనబడదు. ఇక్కడ ఐటీఈలో చేరి చేతిపని నేర్చుకుని, అక్కణ్ణుంచి పాలిటెక్నిక్‌కి, ఇంకా పైకి వెళ్ళిన వాళ్ళున్నారు. పదహారేళ్ళ కుర్రాడు 'ఐటీఈకి వెళ్తున్నా' అంటే మన మొహం వాడిపోయిందనుకోండి, వాడు అది చూస్తాడు. చెప్పిన లెక్కలన్నీ మర్చిపోయినా ఆ మొహం మర్చిపోడు.

తల్లిదండ్రుల గురించి ఒక మాట. 'వీళ్ళకే పిల్లల చదువు మీద శ్రద్ధ లేదు' అని తేలిగ్గా అనేస్తాం. మన ఊళ్ళలోనూ ఇదే మాట అనేవారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ బాలకార్మికుల్ని బడికి పంపే పని మొదలుపెట్టినప్పుడు, పేదవాళ్ళకి పిల్లల సంపాదనే కావాలి, చదువెందుకు అన్నవాళ్ళు చాలామంది. ఆ సంస్థ ఊరూరా తిరిగి తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి వయసుకి తగ్గ తరగతిలో చేర్పించి, ఆ మాట తప్పని చూపించింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాగారికి 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. అక్కడా ఇక్కడా నాకు కనబడింది ఒకటే. తల్లిదండ్రులకి కోరిక లేక కాదు, బడితో ఎలా మాట్లాడాలో తెలియక. టీచరు పంపిన ఉత్తరం చదివి అర్థం చెప్పే మనిషి దొరికితే వాళ్ళే కదులుతారు.

'ఇక్కడి పిల్లలకెందుకు, మా ఊరి బడికే పంపుతాను' అనేవాళ్ళూ ఉన్నారు. పంపండి, చాలా మంచిది. ఒక్క జాగ్రత్త మాత్రం. సొంత డబ్బు పంపుకోవడం వేరు, సింగపూర్లో నలుగురినీ అడిగి చందాలు పోగుచేసి విదేశాలకి పంపడం వేరు. ప్రజల నుంచి అలా వసూలు చెయ్యడానికి కమిషనర్ ఆఫ్ చారిటీస్ దగ్గర పర్మిట్ తీసుకోవాలి. మామూలు నియమం ప్రకారం అలా వచ్చిన డబ్బులో కనీసం 80 శాతం సింగపూర్లోనే వాడాలి. కొన్ని సందర్భాల్లో సడలింపులు ఉంటాయి, అడిగి తెలుసుకోవచ్చు. మంచి పనే కదా అని వాట్సాప్‌లో ఖాతా నంబరు పెట్టేసి ఇబ్బందుల్లో పడకండి. ఊరికి డబ్బు పంపగలం, శనివారం పంపలేం కదా! డబ్బు అక్కడికి, సమయం ఇక్కడికి అని పంచుకుంటే ఇద్దరికీ న్యాయం జరుగుతుంది.

మొదలుపెట్టడం ఎలా అని అడుగుతారేమో. సిండా కార్యాలయం బీటీ రోడ్డులో ఉంది, లిటిల్ ఇండియాకి దగ్గరే. వాళ్ళనైనా అడగచ్చు, గివింగ్ డాట్ ఎస్జీలో మీ ఇంటికి దగ్గర్లో జరిగే కార్యక్రమాలైనా వెతుక్కోవచ్చు. దగ్గరలో ఉన్నదే ఎంచుకోండి. జురాంగ్‌లో ఉండి పాసిర్ రిస్‌లో పాఠం చెప్తానని ఒప్పుకుంటే రెండో నెలకే ఓపిక అయిపోతుంది. మొదట రెండు సార్లు ఊరికే వెళ్ళి చూడండి. ఇంట్లో భార్యాభర్తలు మాట్లాడుకుని, మీ పిల్లల స్విమ్మింగు క్లాసూ మీ పాఠమూ ఢీకొనకుండా సమయం చూసుకోండి. ఏడాది పాటు రాగలను అని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పగలిగినప్పుడే సరేనండి. చెప్పలేకపోతే పిల్లలతో నేరుగా కూర్చునే పని కాకుండా ల్యాప్‌టాప్‌లు బాగుచెయ్యడం, పుస్తకాలు సర్దడం లాంటివి తీసుకోండి. అవీ కావాల్సిన పనులే, వాటిలో మధ్యలో మానేసినా ఎవరి మనసూ విరగదు.

ఎంత సమయం ఇస్తే ఎంత ఫలితం అని లెక్కలడిగితే నా దగ్గర పెద్ద జవాబు లేదు. నేను చూసిన పిల్లల్లో అందరూ ఫస్టు రాలేదు. కొందరు పాసయ్యారు, కొందరు ఇంకా కుస్తీ పడుతున్నారు. ఇందాక చెప్పిన పాప ఇప్పుడు కథల పుస్తకం గట్టిగానే చదువుతుంది, తప్పులు వస్తే తనే ఆగి వెనక్కెళ్ళి దిద్దుకుంటుంది. ఏడాదిన్నర పట్టింది. ఉడతా భక్తి అనండి ఇంకేమైనా అనండి, వారానికి గంటన్నరతో అయ్యే పని ఇంతే. ఇంతైనా ఎవరో ఒకరు మానకుండా వస్తేనే అవుతుంది.

ఈ కార్యక్రమం విన్నవాళ్ళలో ఒక్కరు ఒక్క పిల్లాడి పక్కన ఏడాదిపాటు కూర్చున్నా ఈ పూట మాట్లాడినందుకు ఫలితం దక్కినట్టే.